ముత్యాలపాడు నుంచి నంద్యాల దాకా – దత్తమండలాల్లో సువార్త, 9వ భాగం

తెలుగునేల మీద ప్రొటెస్టెంటులు కట్టుకున్న పెద్ద దేవాలయాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి పటం పరిచి చూడండి. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించగా 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన గుడి మెదక్‌లో ఉంది. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ దేవాలయం డోర్నకల్‌లో ఉంది. హోలీ క్రాస్ కెథడ్రల్ నంద్యాలలో ఉంది. కట్టిన కాలానికి వీటిలో ఏ ఒక్కటీ నగరం అనిపించుకోదగ్గ ఊరు కాదు. క్రైస్తవం తొలి శతాబ్దాల్లో మాత్రం బిషప్ అంటే ఒక నగరానికి బిషప్పే. అంతియొకయ, అలెగ్జాండ్రియా, రోమా, కార్తేజి అని పీఠాల పేర్లన్నీ నగరాల పేర్లే. నగరంలో మొదలై చాలా నిదానంగా పల్లెకు పాకిన మతం అది. మన దగ్గర ఇదంతా తలకిందులైంది. పల్లెలో పుట్టి, పెరిగి, తర్వాతెప్పుడో ఒక అవసరం కొద్దీ పట్టణానికి వచ్చింది. ఆ అవసరం ఏమిటన్నది నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో కనబడినంత తేటగా మరోచోట కనబడదని నా అభిప్రాయం.

గత భాగంలో కడప కథ చెప్పుకున్నాం. 1822లో లండన్ మిషన్ తరఫున కడపలో పని మొదలుపెట్టిన విలియం హోవెల్, 1840ల్లో ఆంగ్లికన్ల వైపు వచ్చేయడం, ఆయనతో పాటు కొంత సంఘం కూడా కదలడం చూశాం. అలా వచ్చిన వాళ్ల బాధ్యతను నెత్తిన వేసుకున్నది ఎస్.పి.జి. అని అందరూ పిలిచే ఇంగ్లండు మిషన్ సంఘం. పేరు పొడుగు, చేతిలో సొమ్ము తక్కువ, మనుషులు అంతకన్నా తక్కువ. ఆ కొద్దిమందితోనే వాళ్లు కడప నుంచి ఉత్తరంగా, కుందేరు వెంబడి పైకి వచ్చారు.

ఆ నేల సంగతి ఒకటి రెండు మాటల్లో చెప్పుకోవాలి. ఇటు నల్లమల, అటు ఎర్రమల, నడుమ కుందేరు పారే నల్లరేగడి. 1800లో నిజాం ఈ ప్రాంతాలను కుంపిణీకి దత్తం చేశాడు గనుక దత్తమండలాలు. నంద్యాల, కర్నూలు మాత్రం 1839 దాకా కర్నూలు నవాబు చేతికిందే ఉన్నాయి. కోయిలకుంట్ల వైపు ఊళ్లు కడప జిల్లాలో ఉండేవి. 1858లో గానీ కర్నూలు జిల్లా ఏర్పడి ఇవి అందులో కలవలేదు. మన కథ మొదలయ్యేనాటికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి పదేళ్లయినా కాలేదు. 1847 ఫిబ్రవరి నాటి ఆ సంఘటన తర్వాత తెల్లదొర ఊళ్లోకి వస్తున్నాడంటే రెడ్లు, కరణాలు ఏ కళ్లతో చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. వచ్చినవాడు కలెక్టరా, కంట్రాక్టరా, పాదిరీయా అని తేల్చుకునే తీరిక ఎవరికుంటుంది?

అలాంటి రోజుల్లో, 1850ల నడుమ, జాన్ క్లే అనే పాదిరీ ముత్యాలపాడులో కాపురం పెట్టాడు. ఇప్పుడు ఆ ఊరు నంద్యాల జిల్లా చాగలమర్రి మండలంలో ఉంది. ఆళ్లగడ్డకు దక్షిణాన, కడప దారిలో పోతే వస్తుంది. తాలూకా కచేరీ ఉన్న ఊరు కాదు, పెద్ద సంత ఊరూ కాదు. మరి అక్కడే ఎందుకంటే, విన్నవాళ్లు అక్కడున్నారు గనుక. చుట్టుపక్కల పల్లెల్లో మాల కుటుంబాలు ‘మాకూ చెప్పండి, మా పిల్లలకు అక్షరం నేర్పండి’ అని కబురు పెడుతుంటే పాదిరీ కడపలో కూర్చుని చేసేదేమీ లేదు. మరో పదేళ్లలోపే కలసపాడులో స్పెన్సర్ అనే ఆయన స్థిరపడ్డాడు. ఎస్.పి.జి. తెలుగు మిషన్‌కు మొదటి రెండు కళ్లు ఈ రెండు పల్లెటూళ్లే.

ఇక్కడొక పక్కమాట. మిషన్ చరిత్రలు రాసినవాళ్లు పాదిరీ రాకతోనే కథ మొదలుపెడతారు. కానీ ఈ సీమ కులాన్ని నిలదీసే మాట మొట్టమొదట విన్నది పాదిరీ నోట కాదు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ పశువులు కాచాడని, కందిమల్లాయపల్లెలో సమాధి అయ్యాడని చెప్పుకునే పోతులూరి వీరబ్రహ్మం ఈ నేలవాడే. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. తత్వాలు పాడుకుంటూ తిరిగే గురువులు, వాళ్ల వెంట మాలపల్లెల్లో రాత్రిళ్లు సాగే భజనలు అప్పటికే ఉన్నాయి. గురువు దగ్గర ఉపదేశం తీసుకోవడం, దానికోసం పాత అలవాట్లు కొన్ని వదులుకోవడం ఆ జనానికి కొత్త విద్య కాదు. క్లే చెప్పిన మాట పడ్డది దున్నిన చేలోనే.

పల్లె పద్ధతి ఎలా నడిచేదో చూద్దాం. ఒక ఊరి మాలపల్లెలో నాలుగైదు కుటుంబాల పెద్దలు కూడబలుక్కుని మిషన్‌కు కబురు పెడతారు. పాదిరీ ఒక ఉపదేశిని పంపుతాడు. ఉపదేశి అంటే ఊళ్లో పంతులు కూడా అతనే. పొద్దున బడి. పగలు గొడ్లు కాసే పిల్లలు, కూలికి పోయే పెద్దలు వస్తారని రాత్రి మళ్లీ ఆముదం దీపం వెలుగులో బడి. ఆదివారం ఆరాధన. మధ్యలో ఎవరికైనా జ్వరమొస్తే మందుపొడి, ఎవరిమీదైనా కరణం పన్ను తప్పు రాస్తే తాసీల్దారుకు అర్జీ. మాలపల్లెలో కలం పట్టే మనిషి ఒకడు కాపురమున్నాడన్న సంగతి ఊరికి ఎంత కొత్తో, ఊరి పెద్దలకు ఎంత చిరాకో! బడి కొట్టం తగలబడటాలు, కూలికి పిలవకపోవడాలు, చేదబావి దగ్గర కట్టుబాట్లు ఎక్కువగా ఈ అర్జీల వల్ల వచ్చినవే. బాప్తిస్మం చూసి మండిపడినవాళ్లకన్నా అర్జీ చూసి మండిపడినవాళ్లే ఎక్కువ ఉంటారని నా అనుమానం.

అయితే ఆ ఉపదేశి ఎక్కడ తయారవుతాడు? ఈ ఒక్క ప్రశ్నకు ముత్యాలపాడు దగ్గర సరైన జవాబు లేదు. మన కథ నంద్యాల వైపు మళ్లేది ఇక్కడే. దానికి ముందు మిగతా తెలుగు మిషన్లు పట్టణమా, పల్లెనా అన్న చిక్కును ఎలా ఎదుర్కొన్నాయో కొంచెం చూడాలి.

మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టాడు. ఆయన లెక్క వేరు. పట్టణంలో బ్రాహ్మణ, వెలమ పిల్లలకు ఇంగ్లీషు చదువు చెబితే, వాళ్లు క్రీస్తును నమ్మితే, కింద ఉన్నవాళ్లకు ఆ వెలుగు దానంతటదే దిగుతుంది. దానికోసం మాల మాదిగ పిల్లలను బళ్లో చేర్చుకోలేదు కూడా. 1852లో మంచాల రత్నం, అయినాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి పట్నం అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. నోబుల్ నిబ్బరంగా మళ్లీ మొదలుపెట్టాడు, 1865లో చనిపోయేదాకా అదే పని చేశాడు. ఆయన శిష్యులు గొప్ప ఉద్యోగాలు చేశారు, క్రైస్తవులైనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అదే మిషన్‌లో 1859లో రాఘవాపురం నుంచి పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద, ఏ ఇంగ్లీషు బడీ చూడనివాడు, తానే వెతుక్కుంటూ వచ్చి డార్లింగ్ పాదిరీ చేత బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట ఊళ్లకు ఊళ్లు కదిలాయి. నోబుల్ ఊహించిన వెలుగు పైనుంచి దిగలేదు, పక్కనుంచి పాకింది.

ఒంగోలులో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్‌కు ఎదురైన పరీక్ష ఇంకా ముచ్చటైనది. 1866లో ఆయన ఒంగోలు చేరినప్పుడు పట్టణంలోని పెద్దకులాలవాళ్లు బడి పెట్టమని కోరారు, పిల్లలను పంపారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు నుంచి మాదిగలను తీసుకురావడం మొదలుపెట్టాడు. వాళ్లు వస్తే మేం ఉండమన్నారు పట్నంవాళ్లు. క్లఫ్ ఒక గదిలో, ఆయన భార్య హారియెట్ మరో గదిలో, ఏం చేయాలో తోచక బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోట పుట విప్పుకుందని ఆయన తర్వాత రాసుకున్నాడు. లోకం లెక్కచేయనివారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయం అది. దాంతో క్లఫ్ పల్లెను ఎంచుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నాకు తమాషాగా తోచే సంగతి ఏమిటంటే, పల్లెను ఎంచుకోమని క్లఫ్‌కు దారి చూపిన ఆ పత్రిక రెండు రేవుల మహానగరంలో ఉన్నవాళ్లకు రాసింది. కొరింథులో పౌలు ఏడాదిన్నర ఉన్నాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లు రోజూ మాట్లాడితే ఆసియా ప్రాంతమంతా విన్నదని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. ఆ ప్రాంతపు పెద్ద దారులు ఎఫెసులో కలిసేవి, వచ్చిపోయేవాళ్లే మాట మోసుకెళ్లారు. పౌలు మెచ్చిన ఆ నగరాల్లో కూడా విన్నవాళ్లలో బానిసలు, చేతిపనివాళ్లు ఎక్కువే. మన మిషనరీలకు అలాంటివాళ్లు దొరికింది పట్టణంలో కాదు, పల్లె చివర విడిగా ఉన్న వాడలో.

మళ్లీ కుందేరు ఒడ్డుకు వద్దాం. 1876–78 ధాత కరువు మద్రాసు రాజధానిలో కర్నూలు జిల్లాను కొట్టినంతగా మరో జిల్లాను కొట్టలేదు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య ఈ జిల్లా దాదాపు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. కర్నూలు–కడప కాలువ అప్పటికే తవ్వి ఉంది. సుంకేసుల నుంచి నీళ్లు తెచ్చే ఆ కాలువను లాభాపేక్షతో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. రైతులు పన్నుకు జడిసి నీళ్లు వాడుకోలేదు, కంపెనీ దివాలా దిక్కుగా పోయింది, చివరకు 1882లో సర్కారు కొనేసింది. కరువులో కూలిపనులు, గంజి కేంద్రాలు, అనాథ పిల్లలు అంటూ పాదిరీల చేతుల్లో పని పెరిగింది. కరువు పోయాక బాప్తిస్మం అడిగే ఊళ్లు పెరిగాయి. ‘గంజి క్రైస్తవులు’ అని ఎగతాళి చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గంజి కోసమే వచ్చినవాళ్లయితే వానలు పడ్డాక వెళ్లిపోవాలి కదా. ఉండిపోయి బడి అడిగారు. ఊరికొక పంతులు కావాలంటే ముత్యాలపాడు బంగళా అరుగు మీద పదిమందికి చెప్పే పాఠం ఎటు చాలుతుంది?

ఇక్కడ సర్కారు నిబంధన ఒకటి అడ్డుపడింది, ఒకరకంగా దారి కూడా చూపింది. 1854 నాటి వుడ్ తాఖీదు తర్వాత ప్రైవేటు బళ్లకు గ్రాంటు ఇవ్వడం మొదలైంది. గ్రాంటు రావాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష చేయాలి, పిల్లలు పాసవ్వాలి, సర్టిఫికెట్టున్న పంతులు ఉండాలి. సర్టిఫికెట్టు కావాలంటే ట్రైనింగు స్కూలు కావాలి, దానికి పక్కనే అభ్యాసం చేయడానికి పెద్ద బడి ఉండాలి, తాలూకా కచేరీ, తపాలా, తంతి అందుబాటులో ఉండాలి. ఇవేవీ ముత్యాలపాడులో లేవు. వాన పడితే నల్లరేగడిలో బండిచక్రం ఇరుసుదాకా దిగబడేది, కుందేరు పొంగితే ఉత్తరం కూడా ఆగేది.

సరిగ్గా అప్పుడే, 1880ల్లో, గుంతకల్లు నుంచి బెజవాడకు మీటర్‌గేజి రైలు పట్టాలు పడ్డాయి. డోన్, నంద్యాల మీదుగా వచ్చి, గాజులపల్లె దాటాక నల్లమలలోకి దూరి, దొరబావి వంతెన మీదుగా లోయ దాటి గిద్దలూరు, కంభం వైపు పోయింది ఆ దారి. ఇటు బళ్లారి, అటు కృష్ణాతీరం రెండూ నంద్యాలకు దగ్గరయ్యాయి. పత్తి, జొన్న, నూనెగింజలు బండ్ల మీద నంద్యాల చేరి రైలెక్కసాగాయి. 1899లో పురపాలక సంఘమూ వచ్చింది. లండన్ మిషన్ వాళ్లు అంతకు చాలాముందే నంద్యాలలో కొంతకాలం పనిచేసి, తర్వాత తమ బలగాన్ని కడప, గుత్తి, జమ్మలమడుగుల వైపు తిప్పుకున్నారు. అమెరికా బాప్టిస్టులు కర్నూలు, కంభం, మార్కాపురం పట్టుకున్నారు. ఒకరి పొలంలో మరొకరు దున్నకూడదన్న మిషన్ల ఒప్పందం ప్రకారం నంద్యాల ఎస్.పి.జి. వాళ్లకు మిగిలింది. వాళ్లు ట్రైనింగు స్కూలు, హైస్కూలు, బోర్డింగు, చర్చి ఒకదాని పక్కన ఒకటి కట్టుకుంటూ పోయారు. పట్నంవాళ్ల నోట ఎస్.పి.జి. అన్న మూడక్షరాలు బడికి, మైదానానికి, బజారుకు గుర్తయిపోయాయి.

ఆళ్లగడ్డ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పిల్లవాడిని ఊహించుకోండి. ఊళ్లో ఉపదేశి సిఫారసు చేస్తే పాదిరీ పరీక్షించి ఒప్పుకున్నాడు. తండ్రి బండి దాకా వచ్చి, గోనెసంచిలో జొన్నలు, మూటలో మారుబట్ట పెట్టి పంపాడు. నంద్యాల బోర్డింగులో పొద్దున గంటకు లేవాలి, ప్రార్థన, చదువు, తోటపని, మళ్లీ చదువు. మధ్యాహ్నం సంగటి, రాత్రి సంగటి. ఇదంతా ఇంటి దగ్గర కన్నా కష్టమే. కానీ సాయంత్రం బజారుకు పంపితే ఆ పిల్లవాడు చొక్కా వేసుకుని, చెప్పులుంటే చెప్పులతో, నడివీధిలో నడవగలడు. వాడు ఏ వాడవాడో అడ్డంపడి అడిగేవాళ్లు ఊళ్లో ఉన్నంతమంది పట్నంలో లేరు. రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద అయితే అసలు లేరు. నాలుగేళ్లు ఇలా తిరిగినవాడు పంతులై తన ఊరికి కాకుండా మరో ఊరికి పోతాడు. మిషన్ వాళ్లు ఎవరినీ సొంత ఊరికి వేసేవాళ్లు కాదు. నంద్యాలలో నడిచిన నడకే ఆ ఊళ్లోనూ నడుస్తాడు. తగువులు మొదలయ్యేది అక్కడే.

నంద్యాల మిషన్ విషయంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పట్టణాన్ని క్రైస్తవం చేయడానికి పట్టణంలో అడుగుపెట్టిన మిషన్ కాదది, అలా చేయగలిగిందీ లేదు. హైస్కూల్లో పెద్దకులాల పిల్లలు చదివారు, ప్లీడర్లు, గుమాస్తాలు, వర్తకులు అయ్యారు, బైబిలు పీరియడ్‌లో కథలు విన్నారు, తమ దేవుళ్ల దగ్గరికి తాము పోయారు. మహానంది జాతరకు జనం తగ్గలేదు. పట్టణాన్ని వాడుకున్నది పల్లెలు. కూలిజనం తమకు కావలసిన పంతులును, నర్సును, గుమాస్తాను తయారుచేసుకోవడానికి పట్టణంలో ఒక ఆవరణ సంపాదించుకున్నారు. ఆడవాళ్ల వైద్యం కోసం మిషన్ పెట్టిన సెయింట్ వెర్బర్గ్స్ ఆస్పత్రి కూడా ఆ వరసలోదే. కాన్పు కష్టమైతే బండి కట్టి నంద్యాలకు తీసుకుపోవచ్చన్న ధీమా చుట్టుపక్కల పల్లెలన్నిటికీ వచ్చింది. ఆ బండ్లలో అన్ని కులాల ఆడవాళ్లూ ఉన్నారు. బళ్లో కూర్చోబెట్టడానికి ఒప్పుకోనివాళ్లు కూడా ఆస్పత్రి మంచం దగ్గరికొచ్చేసరికి పట్టింపులు కొంచెం సడలించారు.

1912లో, మిషన్ పని ఎలా సాగాలన్న విషయం మీద మూడు సంగతులు ఒకేసారి జరిగాయి. ఉత్తర చైనాలో ఎస్.పి.జి. తరఫున పనిచేసి వచ్చిన రోలండ్ అలెన్ ‘మిషనరీ పద్ధతులు: పౌలువా, మనవా?’ అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు. పౌలు ఊరూరా తిరగలేదనీ, చుట్టుపక్కలకు వెలుగు పాకగల కేంద్రాల్లో చిన్న సంఘాలను కట్టి, వాటిని స్థానికుల చేతిలో పెట్టి ముందుకు కదిలాడనీ ఆయన వాదన. కేంద్రంలో బంగళాలు, బళ్లు కట్టుకుని తరతరాలు అక్కడే కూర్చుండిపోయే మిషన్‌ను ఆయన గట్టిగానే ఎత్తిపొడిచాడు. అదే ఏడు ఎస్.పి.జి. తెలుగు మిషన్ పాదిరీ హిబర్ట్-వేర్ తెలుగు దేశంలో మిషన్ల చరిత్ర రాసి ప్రచురించాడు. ఆ ఏడాది చివర, డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయనే. అలెన్ పుస్తకంలో అడిగినదానికి అజరయ్య రూపంలో సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం, అంటే బంగళాలు, మిషన్ సొమ్ము, అలాగే ఉండిపోయాయి.

అజరయ్య తిరునల్వేలి తమిళుడు. నిజాం రాజ్యంలో రైలుజంక్షన్ పక్కన ఉన్న చిన్న ఊరు డోర్నకల్‌ను ఎంచుకుని, తెలుగు నేర్చుకుని, బండిమీద, సైకిలుమీద పల్లెలు తిరిగాడు. తర్వాత నంద్యాల, కలసపాడు, ముత్యాలపాడు సంఘాలు కూడా ఆయన డయాసిస్‌లోనే చేరాయి. అక్కడినుంచి చూస్తే నంద్యాల ఒక మూల, నల్లమలకు ఇవతల. బిషప్ ఎప్పుడో ఒకసారి వచ్చి నిర్ధారణలు జరిపి పోవడమే తప్ప, రోజువారీ పెత్తనం నంద్యాల ఆవరణదే. ఈ దూరం తర్వాత చాలా పని చేసింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటయ్యారు. లోకమంతా మెచ్చుకుంది. నంద్యాల సీమలో సుమారు 30 వేల మంది ఒప్పుకోలేదు. బిషప్ చేతులుంచి అభిషేకించని బోధకుడు బల్ల దగ్గర నిలబడితే చెల్లుతుందా అన్నది పైకి చెప్పిన కారణం. ఆ వాదన చేసినవాళ్లకు అది నిజమైన బాధే. దాని వెనక వేరే లెక్కలూ ఉన్నాయి. ఎస్.పి.జి. గ్రాంటు ఇక ఎటు పోతుంది? నంద్యాల హైస్కూలు ఎవరిది? మన పాదిరీలను పక్క మిషన్ పెత్తనంలోకి నెడతారా? ఏ ఒక్క పల్లెలోనూ ఈ ప్రశ్నలు ఇంత పెద్దవి అయ్యేవి కావు. ఆస్తులు, జీతాల పట్టీలు, సమావేశపు హాలు, కలకత్తాకు తంతి కొట్టే తపాలాఫీసు ఉన్న పట్నంలో అయ్యాయి. ముత్యాలపాడులో ఒకే పందిరి కింద మోకరించినవాళ్లు నంద్యాలలో జరిగిన వాదంతో రెండు గుంపులయ్యారు.

ఇండియా ఆంగ్లికన్లకు పెద్ద అయిన కలకత్తా మెట్రోపాలిటన్ ఆ ఒప్పుకోనివాళ్లను తన రెక్క కింద ఉంచుకున్నాడు. నంద్యాల కోసం ప్రత్యేకంగా ఒక సహాయ బిషప్‌ను పెట్టారు. 1963లో నంద్యాల సొంత డయాసిస్ అయింది. దక్షిణాదిలో తక్కిన ఆంగ్లికన్లు కలిసిపోయినా, వీళ్లు కలకత్తా వైపు చూస్తూ కూర్చున్న ఆ పదహారేళ్లు చాలా విచిత్రమైనవి. 1970 నవంబరులో నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల అందులోకి వెళ్లింది. భూగోళం తెలిసినవాడెవడైనా నవ్వుకునే సంగతి. కర్నూలు జిల్లాలోని తెలుగు సంఘం ఉత్తర భారతదేశపు సంఘంలో ఉంది! 1975లో ఆ చిక్కు విడిపోయి, నంద్యాల డయాసిస్ దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. 28 ఏళ్ల పట్టుదలకు ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న లెక్క ఇప్పటికీ ముసలివాళ్ల మాటల్లో వినబడుతుంది. ఆ గొడవ లేకపోతే నంద్యాలకు బిషప్ పీఠం వచ్చేదా అంటే, రాదనే నేననుకుంటాను. పట్టుదల ఖరీదుగా పీఠం వచ్చింది.

ఈ కాలమంతా ఆళ్లగడ్డ ఏం చేస్తోంది? అహోబిలానికి పోయే యాత్రికులు దిగే ఊరుగా, రాతిలో దేవతలనూ నాయకులనూ చెక్కే శిల్పుల ఊరుగా పెరిగింది. దానికి రైలు రాలేదు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల లైను తెరిచినా అది కోయిలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోయింది. ఆళ్లగడ్డకు దక్కింది రోడ్డే. లారీలు, బస్సులు, ఆ తర్వాత షేర్ ఆటోలు. మిషన్ల కాలంలో ముత్యాలపాడుకూ నంద్యాలకూ నడుమ దారిలో తగిలే ఊరు ఇప్పుడు సంతకూ, కాలేజీకీ, కోర్టుకూ తానే పట్టణం. ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు నాలుగురోడ్ల దగ్గర నిలబడితే పల్లెల ఆటోలు వరసగా ఆగుతాయి. తెల్లచీరల ఆడవాళ్లు జిప్పు కవరులో బైబిలు పట్టుకుని దిగుతారు. కొందరు పాత సంఘం గుడికి నడుస్తారు. ఎక్కువమంది షాపుల మీది అంతస్తులోనో, రేకుల షెడ్డులోనో నడిచే స్వతంత్ర ప్రార్థన మందిరాలకు మెట్లెక్కుతారు. తమ పల్లెలో గుడి ఉండగా ఇక్కడికెందుకు వస్తారంటే, పల్లె గుడి ఇప్పటికీ వాడ గుడి. అక్కడ కూర్చుంటే ఫలానావాళ్లు అని తెలిసిపోతుంది. పట్నం మందిరంలో పక్కన కూర్చున్న మనిషి ఏ ఊరో, ఏ కులమో తెలియదు, కనీసం మొదటి కొన్ని వారాలు తెలియదు. నూరేళ్ల కిందట బోర్డింగు పిల్లవాడు నంద్యాల బజారులో వెతుక్కున్నది కూడా దాదాపు ఇదే. తేడా ఒకటుంది. అప్పుడు పట్నం చదువు చెప్పి మనిషిని తిరిగి పల్లెకు పంపేది. ఇప్పటి మందిరం పల్లె మనుషులను పట్నానికి లాక్కుంటోంది గానీ పల్లెకు తిరిగి పంపేదేమీ పెద్దగా కనబడదు.

నంద్యాల డయాసిస్ కథలో చివరి మలుపు 2013 సెప్టెంబరుది. కర్నూలు జిల్లా పల్లె నుంచి వచ్చి, 1980ల్లోనే గురువుగా అభిషేకం పొందిన ఎగ్గోని పుష్పలలిత ఆ నెలలో నంద్యాల బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ అయిన మొదటి మహిళ ఆమే. బిషప్ అభిషేకపు వరసలో వెంట్రుకవాసి తేడా రాకూడదని 1947లో లోకంతో తగువుపెట్టుకున్న ఆ నంద్యాలే, ఆ వరసలో మొదటిసారి ఒక ఆడమనిషిని కూర్చోబెట్టుకుంది. ఎస్.పి.జి. పుట్టిన ఇంగ్లండు సంఘం ఆ పని చేయడానికి 2015 జనవరి దాకా ఆగాల్సొచ్చింది. అక్కడ మొదటి మహిళా బిషప్ లిబ్బీ లేన్ పనిలోకి దిగింది చెస్టర్ డయాసిస్‌లో. చెస్టర్‌కు రక్షకురాలిగా చెప్పుకునే పునీతురాలు వెర్బర్గ్. నంద్యాల ఆస్పత్రి పేరు కూడా ఆమెదే.

కలసపాడు, గిద్దలూరు వైపు సంగతులు ఇందులో పట్టలేదు. నల్లమల దాటి ఆ దారిన పోవడం వచ్చే సంచికలో.